హఠాత్తుగా తల తిరిగినప్పుడు కళ్లు చెప్పే సంగతులు: స్ట్రోక్‌ను గుర్తించే కంటి కదలికల పరీక్షలపై తరచుగా అడిగే ప్రశ్నలు

తల తిరుగుడుతో వచ్చినవారూ, వారిని పట్టుకుని నడిపించుకుంటూ వచ్చిన బంధువులూ నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే వాటిని అడిగినవారి మాటల్లోనే ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న దగ్గరనుంచైనా చదవడం మొదలుపెట్టవచ్చు. తల తిరుగుడు ఇప్పుడే మొదలై, తగ్గకుండా సాగుతూ ఉంటే మాత్రం చదవడం ఆపి ఆసుపత్రికి బయలుదేరండి.

## లక్షణం మొదలైన తొలి గంటల్లో

కళ్లు తిరుగుతున్నాయని చెబితే డాక్టరు "ఎంతసేపటి నుంచి, ఎలా మొదలైంది" అనే పదే పదే అడుగుతున్నారు. ఎందుకు?

కళ్లు తిరగడం అన్న ఒక్క మాట వెనక చాలా రకాల అనుభవాలు ఉంటాయి. సొమ్మసిల్లి పడబోయినవారు, గది గిర్రున తిరిగినట్లు అనిపించినవారు, నడకలో తూలినవారు, నీరసంతో కళ్లకు చీకట్లు కమ్మినవారు, అందరూ ఆ మాటే వాడతారు. పైగా అదే మనిషిని కాసేపాగి మళ్లీ అడిగితే వర్ణన మారిపోతుంది. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, దేనివల్ల వస్తోంది అన్న మూడు సంగతులు మాత్రం అంత తేలిగ్గా మారవు. పక్క మీద ఒత్తిగిల్లినప్పుడల్లా వచ్చి నిమిషంలోపే తగ్గిపోయేది సాధారణంగా లోచెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పడం వల్ల వచ్చే బీపీపీవీ. దానంతట అది వచ్చి నిమిషాలో గంటలో ఉండి పోయేది వేరొక కోవ. హఠాత్తుగా మొదలై, ఆగకుండా గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి సాగుతూ, వాంతులు, నడకలో తూలు, తల కదిపితే భరించలేనితనం తెచ్చేది మూడో కోవ. కంటి కదలికలు చూసి స్ట్రోక్‌ను పసిగట్టే పరీక్షలు ఈ మూడో కోవ కోసమే రూపొందాయి.

చేయి, కాలు బాగానే ఉన్నాయి. మూతి వంకర పోలేదు. మాట తడబడలేదు. అయినా ఇది పక్షవాతం ఎలా అవుతుంది?

పక్షవాతం అన్న పేరులోనే ఒక పక్క పడిపోవడం ఉంది కాబట్టి, పక్క పడిపోకపోతే స్ట్రోక్ కాదని చాలామంది అనుకుంటారు. నాకు తెలిసినంతలో ఈ విషయంలో ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. మెదడుకు రక్తం రెండు దారుల్లో వెళుతుంది. మెడ ముందు భాగంలోని కెరోటిడ్ ధమనులు మెదడు ముందు, పక్క భాగాలకు రక్తం ఇస్తాయి. వాటిలో అడ్డంకి వస్తే చేయి, కాలు, ముఖం, మాట దెబ్బతింటాయి. మెడ ఎముకల గుండా పైకి వెళ్లే వర్టిబ్రల్ ధమనులు మెదడు కాండానికీ, చిన్నమెదడుకూ రక్తం ఇస్తాయి. చిన్నమెదడు పని బలాన్నివ్వడం కాదు, కదలికలను సరిదిద్దడం, తూకం నిలపడం. అందువల్ల అక్కడ రక్తం ఆగినప్పుడు చేయి గట్టిగానే పట్టుకోగలుగుతుంది, కాలు గట్టిగానే తన్నగలుగుతుంది. మనిషి మాత్రం నిలబడలేడు. స్ట్రోక్ తీవ్రతను కొలవడానికి ఆసుపత్రుల్లో వాడే ఎన్‌ఐహెచ్ కొలమానంలో ఇలాంటి రోగికి సున్నా మార్కులు రావడం కూడా సాధ్యమే. స్ట్రోక్‌ను గుర్తుపట్టడానికి ముఖం, చేయి, మాట చూడమని ప్రజలకు చెప్పే ప్రచార సూత్రానికి తరువాతి కాలంలో తూకాన్నీ చూపునూ చేర్చడానికి కారణం ఇదే.

తల తిరుగుడుకు ఏవి తోడైతే క్షణం కూడా ఆలస్యం చేయకూడదు?

ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగుడు పడకపోవడం, గొంతు హఠాత్తుగా బొంగురుపోవడం, ముఖంలో ఒక పక్క లేదా ఒంట్లో ఒక పక్క తిమ్మిరి, చేత్తో గ్లాసు అందుకోబోతే గురి తప్పడం, ఒక కనురెప్ప వాలిపోవడం, మునుపెన్నడూ లేని తీవ్రమైన తలనొప్పి లేదా మెడనొప్పి, మగత. ఇవన్నీ ఉండనవసరం లేదు, ఏ ఒక్కటి ఉన్నా చాలు. వీటిలో ఏదీ లేకపోయినా, ఎవరి ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం గానీ నిలబడలేకపోవడం గానీ ఉంటే దానిని అంతే తీవ్రంగా తీసుకోవాలి.

నాకు 35 ఏళ్లే. బీపీ, షుగరు లేవు. నాకెందుకు స్ట్రోక్ వస్తుంది?

వయసు, రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, గుండె లయ తప్పడం వంటివి ప్రమాదాన్ని పెంచే మాట నిజమే. కానీ అవి లేకపోవడం రక్షణ కవచం కాదు. చిన్న వయసులో వచ్చే స్ట్రోకులకు ఒక ముఖ్య కారణం వర్టిబ్రల్ ధమని లోపలి పొర చిరగడం. మెడ బలంగా విదిలించినప్పుడు, ప్రమాదంలో మెడకు దెబ్బ తగిలినప్పుడు, ఒక్కోసారి చెప్పుకోదగిన కారణమేదీ లేకుండానే ఆ పొర చిరుగుతుంది. చిరిగిన చోట గడ్డకట్టిన రక్తం పైకి కొట్టుకుపోయి చిన్నమెదడులో అడ్డుపడుతుంది. మెడ వెనకభాగంలో కొత్తగా ఒక పక్క నొప్పి వచ్చి, ఆ తర్వాత తల తిరుగుడు మొదలైతే ఆ రెండింటినీ కలిపి డాక్టరుకు చెప్పాలి. మెడనొప్పి దిండు సరిగా లేక వచ్చిందని మనసులోనే సర్దిచెప్పుకుని దాచేయకూడదు.

ఆసుపత్రికి చేరేలోపు ఇంట్లోవాళ్లం ఏం చేయాలి?

మనిషి చివరిసారిగా మామూలుగా ఉన్న సమయాన్ని కాగితం మీద రాసుకోండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు ఇవ్వాల్సినది కాబట్టి, వైద్యులు అన్నిటికంటే ముందు ఈ సమయాన్నే అడుగుతారు. నోటికి ఏమీ పెట్టకండి. మింగే కండరాలు దెబ్బతిని ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతులవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆస్పిరిన్ వేయకండి, ఎందుకంటే అది అడ్డంకా రక్తస్రావమా అన్నది స్కాన్ తీసేదాకా తెలియదు. బీపీ ఎక్కువగా ఉందని మీ అంతట మీరు మాత్ర వేసి దించకండి.

ప్రయాణానికి ఆలస్యం కాకుండా వీలైతే, వెళ్లే దారిలోనే ఫోనుతో కళ్లను దగ్గరగా వీడియో తీయండి. నేరుగా చూసినప్పుడు పది సెకన్లు, కుడివైపు చూసినప్పుడు పది సెకన్లు, ఎడమవైపు చూసినప్పుడు పది సెకన్లు. కనుగుడ్ల కదలిక ఆసుపత్రికి చేరేసరికి నెమ్మదించవచ్చు. అప్పుడు ఈ అర నిమిషపు వీడియో ఎంతో ఉపయోగపడుతుంది.

## డాక్టరు కళ్లలో ఏం చూస్తారు

తిరుగుతున్నది తల అయితే కళ్లను ఎందుకు పరీక్షిస్తారు?

ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒక చిన్న ప్రయత్నం చేసి చూడండి. అరచేతిని ముఖానికి అడుగు దూరంలో పెట్టి గీతలను చూస్తూ చేతిని వేగంగా అటూ ఇటూ ఊపండి, గీతలు అలుక్కుపోతాయి. ఇప్పుడు చేతిని కదలకుండా ఉంచి, అంతే వేగంతో తలను ఊపండి; గీతలు స్పష్టంగానే ఉంటాయి. తల కుడికి తిరిగిన మరుక్షణమే లోచెవి ఆ కదలికను గ్రహించి, కళ్లు అంతే మేరకు ఎడమకు జరిగేలా చేస్తుంది. లోచెవి నుంచి మెదడు కాండానికి, అక్కడి నుంచి కంటి కండరాలకు మూడే మూడు నరకణాల దారి అది. ఈ పని సెకనులో నూరో వంతు కాలంలో జరిగిపోతుంది. అంటే లోచెవి, దాని నరం, మెదడు కాండం, వాటిని సరిదిద్దే చిన్నమెదడు, ఇవన్నీ ఎలా పనిచేస్తున్నాయో బయటికి కనిపించే చోటు కన్ను ఒక్కటే. చెడింది చెవి నరమైతే కళ్లు ఒక రకంగా కదులుతాయి, మెదడైతే మరో రకంగా కదులుతాయి.

హింట్స్ పరీక్ష అంటే ఏమిటి?

మూడు చిన్న పరీక్షల కలయిక అది. తలను చటుక్కున తిప్పి కళ్లు లక్ష్యం మీద నిలుస్తున్నాయా అని చూడడం మొదటిది. కనుగుడ్లు వాటంతటవే ఏ దిక్కుకు కొట్టుకుంటున్నాయో చూడడం రెండోది. రెండు కళ్లూ ఒకే మట్టంలో ఉన్నాయా అని చూడడం మూడోది. ఆ మూడింటి ఇంగ్లీషు పేర్ల ముక్కలు కలిపి హింట్స్ అన్నారు. హోర్హే కట్టా, డేవిడ్ న్యూమన్-టోకర్ తదితరులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, స్ట్రోక్ ప్రమాదం ఎక్కువగా ఉండి, ఆగకుండా తల తిరుగుతున్న 101 మందిని పరీక్షించారు. వారిలో 76 మందికి జబ్బు మెదడులో ఉంది, 25 మందికి లోచెవి వైపు ఉంది. మూడింటిలో ఏ ఒక్క ప్రమాద సూచన కనిపించినా స్ట్రోక్‌గా లెక్కిస్తే, ఆ పరీక్ష స్ట్రోక్ ఉన్నవారిలో ఒక్కరినీ వదలకుండా పట్టుకుంది. స్ట్రోక్ లేనివారిలో 96 శాతం మందిని లేదనే చెప్పింది. మంచం పక్కన ఒకటి రెండు నిమిషాల్లో, ఏ యంత్రమూ లేకుండా అయ్యే పరీక్షకు ఇంతటి పదును ఉండడం వైద్యంలో చాలా అరుదు. అయితే ఆ అధ్యయనంలో పరీక్ష చేసినవారు ఈ కళలో ఆరితేరినవారని గుర్తుంచుకోవాలి.

డాక్టరు మా నాన్నగారి తల రెండు చేతులతో పట్టుకుని ఒక్కసారిగా తిప్పారు. అది ఏం పరీక్ష?

దానిని హెడ్ ఇంపల్స్ టెస్ట్ అంటారు. సిడ్నీకి చెందిన మైకేల్ హల్మాగీ, ఇయాన్ కర్తాయిస్ 1988లో దీనిని వివరించారు. డాక్టరు ఎదురుగా కూర్చుని, తన ముక్కు మీదనుంచి చూపు తిప్పవద్దని చెబుతారు. మెడ కండరాలను వదులుగా ఉంచమని చెప్పి, తలను మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ, ఏ క్షణాన తిప్పుతారో తెలియనివ్వకుండా పది నుంచి ఇరవై డిగ్రీల మేర చటుక్కున తిప్పుతారు. తిప్పే దూరం తక్కువే, వేగమే ముఖ్యం.

లోచెవి సరిగా ఉంటే కళ్లు ముక్కుకు అతుక్కున్నట్లే ఉండిపోతాయి. కుడి చెవి నరం దెబ్బతిన్న మనిషి తలను కుడికి తిప్పినప్పుడు మాత్రం కళ్లు తలతో పాటే కుడికి కొట్టుకుపోయి, లక్ష్యం తప్పిందని మెదడు గ్రహించాక టక్కున గెంతి ముక్కు మీదకు తిరిగివస్తాయి. ఆ గెంతు అర క్షణం కూడా ఉండదు. అది కనిపించడం కోసమే డాక్టరు మీ నాన్నగారి కనుపాపలనే రెప్ప వేయకుండా చూసి ఉంటారు.

"హెడ్ ఇంపల్స్ నార్మల్" అని రాశారు. నార్మల్ అయితే మంచిదే కదా, మరి ఎందుకు అడ్మిట్ చేశారు?

ఈ ప్రశ్న అడగని కుటుంబం అరుదు. వైద్య పరీక్షల్లో నార్మల్ అంటే ఊరట. ఇక్కడ మాత్రం లెక్క తిరగబడుతుంది. గంటల తరబడి లోకమంతా గిర్రున తిరుగుతోంది, కనుగుడ్లు కొట్టుకుంటున్నాయి అంటే ఎక్కడో ఒకచోట లోపం తప్పకుండా ఉంది. లోపం చెవి నరంలో ఉంటే తల తిప్పినప్పుడు కళ్లు గెంతాలి. గెంతలేదంటే చెవి నుంచి కంటికి వెళ్లే దారి బాగుంది, లోపం మరెక్కడో ఉంది. ఆ మరెక్కడో అన్నది చాలాసార్లు చిన్నమెదడే అవుతుంది. చిన్నమెదడు కింది భాగానికి రక్తం ఇచ్చే ధమని మూసుకుపోయినప్పుడు చెవి దారికి ఏమీ కాదు, అందుకే పరీక్ష నార్మల్‌గా వస్తుంది. కాబట్టి ఆగని తల తిరుగుడులో కళ్లు గెంతితే కొంత ధైర్యం, గెంతకపోతే అనుమానం. ఆ కాగితం మీద "నార్మల్" అన్న మాటను చూసి డిశ్చార్జి కోసం పట్టుబట్టకండి.

కనుగుడ్లు ఒక పక్కకు కొట్టుకుంటున్నాయి. అది ఏ దిక్కుకు అన్నది అంత ముఖ్యమా?

ఇది కన్ను అదరడం కాదు. కన్ను అదరడంలో కదిలేది రెప్ప. ఇక్కడ కదిలేది నల్లగుడ్డు. అది ఒక పక్కకు మెల్లగా జారుతుంది, వెంటనే రెండో పక్కకు వేగంగా వస్తుంది, మళ్లీ జారుతుంది. వైద్యులు దీనిని నిస్టాగ్మస్ అంటారు, వేగంగా వచ్చే దిక్కునే దాని దిక్కుగా చెబుతారు.

కుడి చెవి నరం దెబ్బతింటే వేగపు కదలిక ఎడమకు ఉంటుంది. ఎడమకు చూసినప్పుడు అది ఉద్ధృతమవుతుంది, కుడికి చూసినప్పుడు తగ్గుతుంది లేదా ఆగిపోతుంది, కానీ దిక్కు మాత్రం ఎప్పుడూ మార్చుకోదు. ఏదైనా ఒక వస్తువు మీద చూపు నిలిపితే అది నెమ్మదిస్తుంది కూడా. అందుకే చూపు నిలపనీయకుండా చేసే మందపాటి భూతద్దాల కళ్లజోడును కొందరు వైద్యులు వాడతారు.

మెదడు దెబ్బతిన్నప్పుడు కుడికి చూస్తే కుడికి, ఎడమకు చూస్తే ఎడమకు, ఇలా చూపుతో పాటు దిక్కు మారవచ్చు. అలా మారడం ప్రమాద సూచన. ఆగని తల తిరుగుడులో కనుగుడ్లు పూర్తిగా పైకీ కిందికీ కొట్టుకోవడం, లేదా పక్కకు జరగకుండా ఉన్నచోటనే చక్రంలా తిరగడం కూడా ప్రమాద సూచనలే. అయితే దిక్కు మారలేదు కదా అని ఊరుకోవడానికి లేదు. చిన్నమెదడు స్ట్రోకుల్లో చాలావాటిలో కూడా కనుగుడ్లు ఒకే దిక్కుకు కొట్టుకుంటాయి. మద్యం మత్తు, ఫెనిటాయిన్ వంటి మూర్ఛ మందులు మోతాదు మించడం కూడా చూపుతో దిక్కు మారే నిస్టాగ్మస్‌ను తెస్తాయి కనుక వాడుతున్న మందులన్నీ చెప్పాలి.

ఒక కన్ను మూసి, తీసి, రెండో కన్ను మూసి, ఇలా మార్చి మార్చి చూశారు. దానివల్ల ఏం తెలుస్తుంది?

రెండు కళ్లనూ ఒకే మట్టంలో నిలిపే సంకేతాలు లోచెవి నుంచి బయలుదేరి మెదడు కాండం గుండా వెళతాయి. మెదడు కాండం దెబ్బతింటే ఒక కన్ను కొద్దిగా పైకి, రెండోది కొద్దిగా కిందికి జారవచ్చు. రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు మెదడు ఆ తేడాను కొంత సర్దుకుంటుంది. ఒక కన్ను మూసి ఆ చేతిని వెంటనే రెండో కంటి మీదకు మార్చినప్పుడు, కొత్తగా తెరుచుకున్న కన్ను లక్ష్యాన్ని అందుకోవడానికి పైకో కిందికో చిన్నగా కదిలితే మట్టం తప్పిందని అర్థం. పక్కకు కదిలితే అది ఎప్పటినుంచో ఉన్న చిన్నపాటి మెల్ల కావచ్చు, దానికి ఇక్కడ విలువ లేదు. ఈ సూచన స్ట్రోక్ వచ్చినవారిలో కూడా కొద్దిమందిలోనే కనిపిస్తుంది. లేదు కదా అని స్ట్రోక్‌ను కొట్టిపారేయలేం.

తల తిరుగుడుతో పాటు ఒక చెవి వినిపించడం మానేసింది. అంటే ఇది చెవి జబ్బే కదా?

అలా తేల్చేయడం ప్రమాదం. లోచెవికి రక్తం తెచ్చే సన్నని ధమని, సాధారణంగా చిన్నమెదడు ముందు భాగానికి రక్తం ఇచ్చే ధమని నుంచే చీలుతుంది. ఆ పెద్ద ధమని మూసుకుపోతే చిన్నమెదడూ లోచెవీ రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. పైగా ఇలాంటి స్ట్రోక్‌లో తల తిప్పినప్పుడు కళ్లు చెవి జబ్బులో లాగానే గెంతవచ్చు. హెడ్ ఇంపల్స్ పరీక్ష ఒక్కదాన్నే నమ్మితే మోసపోయే సందర్భం ఇదే. అందుకే తరువాత వచ్చిన "హింట్స్ ప్లస్" పద్ధతిలో నాలుగో మెట్టుగా వినికిడిని చేర్చారు. డాక్టరు చెవి దగ్గర వేళ్లు రాపాడించి వినిపిస్తోందా అని అడుగుతారు. ఆగని తల తిరుగుడులో ఒక చెవికి హఠాత్తుగా వినికిడి తగ్గితే, మరొకటి రుజువయ్యేదాకా దానిని స్ట్రోక్‌గానే చూడాలని నా అభిప్రాయం.

అంతగా తిరుగుతుంటే లేపి కూర్చోబెట్టి, నడిపించి ఎందుకు బాధపెట్టారు?

పడుకుని ఉన్న మనిషిలో తూకం ఎంత చెడిందో తెలియదు. చెవి నరం దెబ్బతిన్నవారు తూలుతారు, ఒక పక్కకు ఒరుగుతారు, కానీ చాలావరకు గోడ పట్టుకునైనా నాలుగడుగులు వేయగలరు. చేతులు కట్టుకుని మంచం అంచున ఆసరా లేకుండా కూర్చోమంటే కూర్చోలేక ఒరిగిపోతుంటే మెదడునే అనుమానించాలి. కళ్ల కదలికలు చదవడంలో అనుభవం తక్కువైన చోట ఈ ఒక్క పరిశీలనైనా తప్పకుండా చేయాలి.

ఈ పరీక్ష తల తిరిగిన ప్రతివారికీ చేయవచ్చా?

చేయకూడదు. పరీక్ష చేస్తున్న సమయంలో తల తిరుగుడు సాగుతూ ఉండాలి, కనుగుడ్లు కొట్టుకుంటూ ఉండాలి. ఈ రెండూ లేని మనిషికి చేస్తే హెడ్ ఇంపల్స్ నార్మల్‌గానే వస్తుంది, ఎందుకంటే ఆ సమయంలో అతని చెవి మామూలుగా పనిచేస్తోంది. తొలి రోజుల్లో నేను కూడా పక్క మీద ఒత్తిగిల్లినప్పుడు మాత్రమే తల తిరిగే ఒకామెకు ఈ పరీక్ష చేసి, నార్మల్ వచ్చిందని కంగారుపడి, ఆమెనూ కుటుంబాన్నీ ఒక రాత్రంతా భయపెట్టాను. ఆమెకు ఉన్నది బీపీపీవీ. మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్పైక్ 1952లో వివరించిన పద్ధతిలో తలను పక్కకు తిప్పి వెనక్కి పడుకోబెట్టగానే, కొన్ని సెకన్ల తర్వాత కనుగుడ్లు పైకి కొట్టుకుంటూ గుండ్రంగా తిరిగి, నిమిషంలోపే ఆగాయి. మెడకు గాయమైనవారికీ, మెడ ధమని చిరిగిందని అనుమానం ఉన్నవారికీ, మెడ ఎముకలు బాగా అరిగినవారికీ తలను చటుక్కున తిప్పకూడదు.

## స్కానులు, యంత్రాలు, అనుభవం

సీటీ స్కాన్ తీశారు, అంతా బాగుందన్నారు. ఇక ఇంటికి వెళ్లిపోవచ్చా?

సీటీ స్కాన్ రక్తస్రావాన్ని వెంటనే చూపిస్తుంది, అందుకు దాని విలువ దానికి ఉంది. రక్తనాళం మూసుకుపోయిన స్ట్రోక్‌ను మాత్రం తొలి గంటల్లో చూపలేకపోవచ్చు, అందులోనూ తల వెనక భాగంలో మందపాటి ఎముకల మధ్య ఇరుక్కున్న చిన్నమెదడు, మెదడు కాండం దగ్గర అది చాలా బలహీనం.

నేను చూసిన ఒక పెద్దాయన ముందు రోజు మరోచోట సీటీ బాగుందన్న కాగితంతో, వాంతుల మాత్రలతో ఇంటికి పంపబడి, మర్నాడు నా దగ్గరకు వచ్చారు. చక్కగా మాట్లాడుతున్నారు, చేతులు గట్టిగా పట్టుకుంటున్నారు. తల తిప్పితే కళ్లు నా ముక్కు మీదనుంచి చెదరలేదు. కుడికి చూడమంటే నల్లగుడ్డు కుడికి కొట్టుకుంది, ఎడమకు చూడమంటే ఎడమకు కొట్టుకుంది. ఎంఆర్‌ఐలో చిన్నమెదడు కింది భాగంలో తెల్లటి మచ్చ కనిపించింది. ముందు రోజు చూసినవారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు; "సీటీ బాగుంది" అన్న మాటకు, "స్ట్రోక్ లేదు" అన్న మాటకు మధ్య ఎంత దూరం ఉందో చెప్పడానికే.

ఎంఆర్‌ఐ కూడా తప్పు చెబుతుందా?

చెప్పగలదు. తాజా స్ట్రోక్‌ను పట్టే డిఫ్యూజన్ ఎంఆర్‌ఐ చాలా మంచి పరీక్షే, కానీ చిన్నమెదడు, మెదడు కాండం దగ్గర వచ్చే స్ట్రోకుల్లో కొన్ని తొలి ఒకటి రెండు రోజుల్లో అందులో కనిపించవు. 101 మందిని పరీక్షించిన 2009 నాటి అధ్యయనంలో స్ట్రోక్ ఉన్నవారిలో 12 శాతం మందికి మొదటి ఎంఆర్‌ఐ తప్పుగా నార్మల్ వచ్చింది, అవన్నీ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు తీసినవే. కాబట్టి కళ్లు మెదడు జబ్బు అని గట్టిగా చెబుతున్నప్పుడు, తొలి రోజు తీసిన ఎంఆర్‌ఐ బాగుందని రోగిని పంపేయకుండా, గమనిస్తూ కొన్ని రోజుల తర్వాత మళ్లీ తీయించడం సరైన పద్ధతి. అలా రెండోసారి అడిగిన డాక్టరు అనవసరపు ఖర్చు పెట్టిస్తున్నారని అనుకోకండి.

అయితే అన్ని ఆసుపత్రుల్లోనూ ఈ కళ్ల పరీక్ష ఎందుకు చేయరు?

పరీక్ష తేలిక, చదవడం కష్టం. తల తిప్పే వేగం చాలకపోతే కళ్ల గెంతు బయటపడదు. రోగి రెప్ప వాల్చితే గెంతు మన కంటపడదు. శిక్షణ ఉన్న నరాల వైద్యులు, చెవి వైద్యులు చేసినప్పుడు వచ్చిన కచ్చితత్వం, శిక్షణ లేనివారు చేసినప్పుడు గణనీయంగా తగ్గిందని తరువాతి పరిశోధనలు చూపాయి. అందుకే అమెరికా అత్యవసర వైద్యుల సంఘం ఒకటి 2023లో విడుదల చేసిన మార్గదర్శకాలు, కనుగుడ్లు కొట్టుకుంటూ ఆగకుండా తల తిరుగుతున్న రోగులకు శిక్షణ పొందిన వైద్యులు హింట్స్ చేయాలని సూచించాయి. కంటి కదలికలను కెమెరాతో కొలిచి గ్రాఫుగా చూపే కళ్లజోళ్లు కూడా వచ్చాయి. కంటికి అందనంత చిన్న గెంతులను సైతం అవి పట్టుకుంటాయి. అయినా ఆ గ్రాఫును చదివేవారికి నేర్పు ఉండాల్సిందే.

వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఇంట్లో మా అమ్మకు నేనే చేసి చూడవచ్చా?

దయచేసి చేయవద్దు. మెడ ధమనిలో చిరుగు ఉంటే ఆ విదిలింపు హాని చేయవచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం, మీకు కనిపించిన గెంతును చూసి ధైర్యపడి ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయడం. కళ్లను వీడియో తీయడం వరకే మీ పని.

## నిర్ధారణ తర్వాత

చిన్నమెదడు స్ట్రోక్ అన్నారు. మనిషి బాగానే మాట్లాడుతున్నారు, తల తిరుగుడు కూడా తగ్గుతోంది. మరి ఐసీయూ ఎందుకు?

చిన్నమెదడు ఉండే చోటు చాలా ఇరుకు. రక్తం అందక దెబ్బతిన్న భాగం క్రమంగా వాస్తుంది. ఆ వాపు తరచుగా మూడో రోజు ప్రాంతంలో ఎక్కువవుతుంది, ఒక్కోసారి వారంలోపు ఎప్పుడైనా పెరగవచ్చు. వాచిన భాగం ముందున్న మెదడు కాండాన్ని నొక్కవచ్చు, మెదడులోని నీరు బయటికి పోయే దారిని మూసేయవచ్చు. అప్పటిదాకా కబుర్లు చెప్పిన మనిషి మగతలోకి జారుకుంటాడు. పెద్ద స్ట్రోక్ అయితే నర్సులు గంట గంటకూ లేపి పేరు అడగడం అందుకే. నిద్ర చెడగొడుతున్నారని వారించకండి. మగత మొదలైన వెంటనే గుర్తిస్తే, తల వెనక ఎముకను కొంత తొలగించి ఒత్తిడి తగ్గించే శస్త్రచికిత్సతో చాలామందిని కాపాడవచ్చు, వారిలో పలువురు తిరిగి తమ కాళ్ల మీద నడుస్తారు.

దీనితో పాటు స్ట్రోక్ ఎందుకు వచ్చిందో వెతుకుతారు. మెడ, తల రక్తనాళాల స్కాన్, గుండె లయ పరీక్ష, రక్త పరీక్షలు చేస్తారు. మళ్లీ గడ్డ కట్టకుండా మందులు మొదలుపెడతారు.

చెవి నరం వాపు అని తేల్చారు. తల తిరుగుడు మాత్రలు ఎన్నాళ్లు వాడాలి?

వాంతులు, తిరుగుడు తీవ్రంగా ఉన్న మొదటి రెండు మూడు రోజులే. తిరుగుడును అణిచే మాత్రలు మెదడు కొత్త పరిస్థితికి అలవాటుపడే పనిని కూడా అణిచేస్తాయి. ఒక చెవి సంకేతం తగ్గినా, మెదడు రెండో చెవి, కళ్లు, కాళ్ల నుంచి వచ్చే సమాచారంతో తూకాన్ని మళ్లీ నేర్చుకుంటుంది. అందుకు కదలిక కావాలి. వాంతులు తగ్గగానే లేచి తిరగడం, ఒక అక్షరం మీద చూపు నిలిపి తలను అటూ ఇటూ తిప్పే వ్యాయామం, ఫిజియోథెరపిస్టు నేర్పే నడక అభ్యాసాలు మాత్రల కంటే మేలు చేస్తాయి. నెలల తరబడి అవే మాత్రలు మింగుతూ, తూలు తగ్గలేదని వచ్చేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

పది నిమిషాలు తిరిగి దానంతట అదే ఆగిపోయింది. ఇప్పుడు కళ్లు కూడా మామూలుగా ఉన్నాయి. అయినా చూపించుకోవాలా?

చూపించుకోవాలి, అదీ ఈ రోజే. రక్తనాళం కాసేపు మూసుకుని మళ్లీ తెరుచుకున్నా ఇలాగే ఉంటుంది. తిరుగుడు ఆగిపోయాక కళ్ల పరీక్ష ఏమీ చెప్పలేదు, కాబట్టి కళ్లు మామూలుగా ఉండడాన్ని ఊరటగా తీసుకోకూడదు. ఇలాంటి చిన్న హెచ్చరిక తర్వాత పెద్ద స్ట్రోక్ వచ్చే ప్రమాదం తొలి రెండు రోజుల్లోనే అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. కాసేపు రెండుగా కనిపించిందా, మాట ముద్దగా వచ్చిందా, మెడ నొప్పిగా ఉందా, ఇలాంటిది ఇంతకు ముందు ఎప్పుడైనా వచ్చిందా అన్నవి గుర్తు తెచ్చుకుని, మొదలైన సమయంతో సహా రాసుకుని వెళ్లండి. పడుకున్నప్పుడో, ఒత్తిగిల్లినప్పుడో మాత్రమే వచ్చి నిమిషంలోపే పోయిందైతే అది కూడా స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే అప్పుడు డాక్టరు చేసే పరీక్షే వేరు.